నీళ్లు కొండెక్కాలంటే...

*బిందె మోసినా, కపిల తోలినా, బోరు వేసినా, కృష్ణమ్మను కాలవల్లో ఎక్కించినా... పుట్టపర్తి చుట్టుపక్కల పల్లెలు తరతరాలుగా పోరాడుతున్నది ఒక్కదానితోనే. దాని పేరు బరువు!*

పదిహేను లీటర్ల బిందెను నెత్తిన పెట్టుకుని చదునైన దారిలో కిలోమీటరు దూరం నడిచిన ఆడమనిషి చేసిన పని ఎంత?

సున్నా!

బడి పుస్తకంలోని భౌతికశాస్త్రం చెప్పే లెక్క అది. బలం ఏ దిక్కున పనిచేస్తోందో ఆ దిక్కున వస్తువు కదిలితేనే 'పని' జరిగినట్టు. బిందె బరువు కిందికి లాగుతుంది. దాన్ని మోసే తల పైకి నెడుతుంది. నడక మాత్రం అడ్డంగా సాగుతుంది. బిందె పైకీ లేవలేదు, కిందికీ దిగలేదు. కాబట్టి భూమ్యాకర్షణకు ఎదురుగా జరిగిన పని ఏమీ లేదన్నమాట. ఊళ్లోకి కొళాయిలు రాని రోజుల్లో చిత్రావతి ఒడ్డున ఏ పల్లెలోనైనా ఈ మాట అని ఉంటే, ఆ బిందె నీళ్లు అన్నవాడి నెత్తినే కుమ్మరించేవారు!

లెక్క తప్పు కాదు. కానీ, అది బిందె లెక్క. మనిషి లెక్క వేరు. గోడకు కొట్టిన మేకు ఎంత బరువునైనా ఏళ్లతరబడి ఖర్చు లేకుండా మోస్తుంది. కండరానికి ఆ అదృష్టం లేదు. బరువును కదలకుండా పట్టుకుని నిలబడటానికి కూడా అది శక్తిని కరిగించుకోవాల్సిందే. పైగా నడిచేటప్పుడు అడుగడుక్కీ ఒళ్లు కాస్త పైకి లేచి దిగుతుంది. ఒంటితోపాటే బిందే. ఆ లేవడం దిగడం వేలసార్లు జరిగితే మెడ నరాలు పీకవూ?

అందుకే మోసేవాళ్లు తమకు తెలిసిన శాస్త్రాన్ని వాడుకున్నారు. చంకన పెట్టుకున్న బిందె ఒంటిని ఒక పక్కకు లాగుతుంది. దాన్ని సరిచేయడానికి నడుము రెండో పక్కకు వంగాలి. అదే నెత్తిన ఉంటే బరువు నిట్టనిలువుగా వెన్నుపూస మీదుగా పాదాల్లోకి దిగిపోతుంది. పక్కకు లాగే గొడవే ఉండదు. చుట్టకుదురు చేసే మేలు కూడా చిన్నది కాదు. బిందె అడుగు గుండ్రం. అది తలను తాకేది చిన్న చోటే. పదిహేను కిలోలూ అక్కడే దిగబడితే భరించలేం. పాతగుడ్డను చుట్టి పెట్టుకుంటే ఆ బరువు అరచేయంత మేర పరచుకుంటుంది. బరువు తగ్గదు, ఒత్తిడి తగ్గుతుంది.

కెన్యాలో లువో, కికుయు తెగల మహిళలపై జరిగిన ఒక పరిశోధన 1986లో 'నేచర్' పత్రికలో వచ్చింది. తమ ఒంటి బరువులో అయిదో వంతు దాకా తలమీద మోసినా, ఖాళీగా నడిచినప్పటికంటే వాళ్లు పీల్చే ఆక్సిజన్ పెరగలేదట! చిన్నప్పటి నుంచీ అలవాటైన ఆ నడకలో లోలకం ఊగినట్టు ఒక అడుగు శక్తి తర్వాతి అడుగుకు పనికొస్తుందని ఆ తర్వాత తేలింది. అయిదో వంతు దాటాక మాత్రం ఖర్చు పెరుగుతూనే పోయింది. నెత్తిన ఒకటి, చంకన ఒకటి పెట్టుకుని నడిచే మన ఆడవాళ్లు ఎప్పుడో ఆ గీత దాటేశారు!

ఎత్తలేదు... ఆపారు

పుట్టపర్తి సముద్రమట్టానికి సుమారు 1,560 అడుగుల ఎత్తున ఉంది. ఒకప్పుడు అనంతపురం జిల్లాలో భాగం. 2022 ఏప్రిల్‌లో శ్రీసత్యసాయి జిల్లా కేంద్రమైంది. జిల్లా మారినా వాన మారలేదు. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్లకు కాస్త అటూ ఇటూ. పక్కనే పారే చిత్రావతి కర్ణాటకలోని చిక్కబళ్లాపురం వైపు పుట్టి ఇటు వచ్చి చివరికి పెన్నలో కలుస్తుంది. పారుతుంది అనడం మర్యాద కోసమే. ఏడాదిలో ఎక్కువ రోజులు ఇసుకే.

550 మిల్లీమీటర్లంటే తక్కువే. కానీ, దాన్ని మరోలా చూడొచ్చు. ఎకరా నేల మీద ఆ వాన కురిస్తే సుమారు 22 లక్షల లీటర్లు! ఆ నీళ్లను సముద్రం నుంచి మేఘాల దాకా ఎత్తిన మోటారు సూర్యుడు. బిల్లు పంపడు. పాతకాలం పెద్దలకు ఈ సంగతి బాగా తెలుసు. నీటిని ఎత్తే పని పెట్టుకోకుండా, పైనుంచి దిగివచ్చేదాన్ని దారిలోనే ఆపారు. పుట్టపర్తి పక్కనే ఉన్న బుక్కపట్నం చెరువు, ఇంకా దిగువన ధర్మవరం చెరువు చిత్రావతిని నమ్ముకుని కట్టినవే. తూము ఎత్తితే చాలు, నీళ్లు వాటంతటవే మడి దాకా నడుస్తాయి. నీరుగంటి పార పట్టుకుని వెంట నడిస్తే సరి.

చెరువు కట్టను చూస్తే ఓ ప్రశ్న రావాలి. పైన ఎడ్లబండి నడిచేంత వెడల్పుండే కట్ట అడుగున అన్ని రెట్లు వెడల్పు ఎందుకు? లోతుకు పోయేకొద్దీ నీటి ఒత్తిడి పెరుగుతుంది కాబట్టి. మీటరు లోతున చదరపు మీటరుకు టన్ను, అయిదు మీటర్ల లోతున అయిదు టన్నులు. అయిదు మీటర్ల నీరు నిలిచిన కట్ట ప్రతి మీటరు పొడవునా పన్నెండున్నర టన్నుల తోపుడును కాచుకోవాలి. వింతేమిటంటే చెరువు పది ఎకరాలా, వెయ్యి ఎకరాలా అన్నది కట్టకు పట్టదు. దానికి తెలిసింది లోతు ఒక్కటే. అందుకే మరువ పారే మట్టాన్ని ఇటుక ఎత్తు పెంచుకుందామన్న ఆశ ఎన్నో కట్టలను తెంచింది.

ఇంటి మీది ట్యాంకుదీ ఇదే తంతు. ట్యాంకు అయిదొందల లీటర్లదా, రెండు వేలదా అన్నదాన్ని బట్టి కొళాయిలో ధార మారదు. ఎంత ఎత్తున ఉందన్నదే లెక్క. పది మీటర్ల ఎత్తుకు చదరపు సెంటీమీటరు మీద కిలో ఒత్తిడి. పై అంతస్తులో షవరు జాలిగా కారుతోందంటే తప్పు షవరుది కాదు... నెత్తి మీద ట్యాంకు మరీ దగ్గరగా ఉందన్నమాట. ఒక మాట మాత్రం గుర్తుంచుకోవాలి. వెయ్యి లీటర్ల ట్యాంకంటే డాబా మీద ఒక టన్ను. దాని చోటు పిల్లర్లకు, దూలాలకు దగ్గరగా ఉండాలి. శ్లాబు నడిమధ్యన కాదు.

ఎద్దులు దిగితే నీళ్లెక్కేవి

చెరువు కింద పొలం అందరికీ ఉండదు. లేనివాళ్లు బావి తవ్వారు. నీళ్లు ముప్ఫై అడుగుల కింద కనిపించేవి. అక్కణ్నుంచి మొదలైంది ఎత్తుడు. గూడ, ఏతం, ఆ తర్వాత కపిల. ఈ మూడింటిలో కపిల తెలివే తెలివి.

బావి గట్టున రెండు రాతి స్తంభాలు, మధ్యన గిలక. దాని మీదుగా మోకు. మోకు చివర బాన. బానకు కింద తోలు తొండం. రెండో చివర కాడికట్టిన ఎద్దుల జత. ఎద్దులు నడిచే బాట చదునుగా ఉండదు. బావి దగ్గర ఎత్తుగా మొదలై దూరం వెళ్లేకొద్దీ పల్లానికి దిగుతుంది. కిటుకంతా అక్కడే ఉంది. నూటయిరవై లీటర్ల బాన అంటే నూటయిరవై కిలోలు. చదును నేల మీద అంత బరువును లాగాలంటే జత ఎద్దులు రొప్పాలి. కానీ, అయిదడుగులకు ఒక అడుగు దిగే వాలులో ఏడొందల కిలోల ఎద్దుల జతను భూమే ముందుకు తోస్తుంది... దాదాపు 140 కిలోల బలంతో! దానికితోడు కపిల తోలే మనిషి ఎగిరి మోకు మీద కూర్చునేవాడు. అతని బరువూ అందులో కలిసేది. పాట అందుకునేవాడు. బాన పైకి వచ్చేది. తొండానికి కట్టిన సన్నతాడు దాని మూతిని తొట్టిలోకి వంచేది. నీళ్లు భళ్లున దూకేవి.

మరి ఇంత చౌకగా పనైపోయిందా? కాలేదు. ఎద్దులు తిరిగి బావి దగ్గరకు ఎక్కాలి కదా! దిగేటప్పుడు భూమి ఇచ్చిన అప్పును ఎక్కేటప్పుడు సొంత ఒళ్లు మోసుకుంటూ తీర్చేవి. కాకపోతే అప్పుడు మోకుకు ఖాళీ బానే. మొత్తం శ్రమ తగ్గలేదు. ఒక్కసారే పడాల్సిన భారం పోను, రానుగా విడిపోయింది. తెల్లవారుజామున మొదలుపెట్టి ఎండెక్కేదాకా కపిల తోలితే తడిసేది కొద్దిపాటి మడే. ఆ మడిలో ఏం వేయాలో రైతు ఒళ్లు దగ్గర పెట్టుకుని ఆలోచించేవాడు. ఎందుకంటే, ప్రతి బాన బరువూ అతనికి తెలుసు.

మోటారే బావిలోకి దిగింది

తర్వాత ఆయిలింజన్లు, కరెంటు మోటార్లు వచ్చాయి. బావిలో నీళ్లు తగ్గుతూ పోయాయి. అప్పుడు రైతులు చేసిన పని చూసేవారికి వింతగా ఉండేది. గట్టున హాయిగా ఉన్న మోటారును విప్పి, బావి లోపల రాతిని తొలిచి చేసిన అరుగు మీదికి దించేవారు. ఇంకా తగ్గితే ఇంకో అరుగు. పాములు, జారే మెట్లు, తడి తీగలు... ప్రాణాలకు తెగించి ఎందుకా పాట్లు? పైనుంచే ఇంకో పది అడుగుల పైపు అతికిస్తే పోదా?

పోదు. ఈ చిక్కు ఇటలీలో గెలీలియోనూ తికమకపెట్టింది. పీల్చే పంపులు ఒక హద్దు దాటి నీటిని ఎత్తలేకపోతున్నాయని 1638లో అచ్చయిన పుస్తకంలో ఆయన రాశారు. జవాబు చెప్పింది ఆయన శిష్యుడు టోరిచెల్లి. పంపు నిజానికి నీటిని పీల్చదు! పైపులో గాలిని మాత్రమే తీసేస్తుంది. బావిలోని నీటి మీద బయటి గాలి మోపే బరువే నీళ్లను పైపులోకి ఎక్కిస్తుంది. మనం స్ట్రాతో కొబ్బరినీళ్లు తాగినట్టే. గాలికున్న బలం సముద్రం ఒడ్డున 34 అడుగుల నీటిని నిలబెట్టేంత. పుట్టపర్తి ఎత్తులో గాలి కొంచెం పలచన కాబట్టి 32 అడుగులు. లీకులు, పైపుల్లో రాపిడి పోను చేతికి దక్కేది పాతిక అడుగులే. మోటారు అయిదు హార్స్‌పవరైనా, యాభైయైనా ఆ గీత దాటలేదు. బావిలోకి మోటారును దించిన రైతుకు టోరిచెల్లి పేరు తెలియకపోవచ్చు, సూత్రం తెలుసు.

ఆ గీతను దాటించింది సబ్‌మెర్సిబుల్ మోటారు. అది లాగదు, నెడుతుంది. నీళ్లలోనే మునిగి ఉండి కింది నుంచి పైకి తోస్తుంది. తోయడానికి గాలి హద్దు లేదు. ఎంత లోతు నుంచైనా తోయొచ్చు. అసలు కష్టం అక్కడే మొదలైంది!

హార్స్‌పవర్‌కు ఎన్ని బిందెలు?

హార్స్‌పవర్ అన్నమాటను జేమ్స్ వాట్ తన ఆవిరియంత్రాలు అమ్ముకోవడానికి లెక్కగట్టాడు. మనకు అర్థమయ్యేలా చెప్పుకుంటే, ఒక హార్స్‌పవర్ నిమిషంలో 15 వేల లీటర్ల నీటిని ఒక అడుగు ఎత్తుతుంది. ఇక వేళ్ల మీద లెక్కపెట్టుకోవచ్చు. యాభై అడుగుల నుంచైతే 300 లీటర్లు. అయిదొందల అడుగుల నుంచి 30 లీటర్లు... రెండు బిందెలు!

అయిదు హార్స్‌పవర్ మోటారు పెట్టారనుకోండి. మోటారులో, పైపులో పోయేది పోగా సగం శక్తే నీటికి దక్కుతుందనుకుందాం. యాభై అడుగుల బావిలో నిమిషానికి 750 లీటర్లు పోసే అదే శక్తి, అయిదొందల అడుగుల బోరులో 75 లీటర్లే పోస్తుంది. రెండంగుళాల పైపు కింది నుంచి పై దాకా నిండి ఉంటే అందులో నిలబడిన నీళ్లే దాదాపు మూడు క్వింటాళ్లు. కింద మోటారు మూతి దగ్గర చదరపు సెంటీమీటరుకు 15 కిలోల ఒత్తిడి. మోటారు కాలిపోతే పైకి తీయడానికి ముక్కాలిపీట, చైనుబ్లాకు, నలుగురు మనుషులు కావాల్సింది అందుకే.

ఈ నేలలో కింద ఉన్నది గట్టి నల్లరాయి. నీళ్లు దొరికేది రాతి పగుళ్లలోనే. ఆ పగులు తగిలితే అదృష్టం, లేకుంటే అప్పు. బోర్లు అయిదొందల అడుగులు దాటాయి, కొన్నిచోట్ల వెయ్యికి దిగాయి. పాయింటు చూపించడానికి కొబ్బరికాయ పట్టుకున్నవాళ్లూ, వేపపుల్ల పట్టుకున్నవాళ్లూ బాగానే గడించారు. కాయ నిలబడినచోట నీళ్లుంటాయో లేదో కానీ, లోతు మాత్రం తప్పకుండా ఉంటుంది!

ఎకరా వరికి నాలుగడుగుల నీరు కావాలనుకుంటే దాదాపు 49 లక్షల లీటర్లు. అయిదొందల అడుగుల నుంచి ఎత్తాలంటే, సగం శక్తి వృథా లెక్కన సుమారు నాలుగు వేల యూనిట్ల కరెంటు. వేరుశనగకైతే అందులో సగానికన్నా తక్కువే సరిపోతుంది. డ్రిప్పు పైపులు భూమ్యాకర్షణను ఒక్క పిసరు కూడా తగ్గించవు. ఎత్తాల్సిన లీటర్లను తగ్గిస్తాయి, అంతే. అనంతపురం రైతులు వాటిని అంతగా పట్టుకున్నది ఊరికే కాదు. వానకే పండే కొర్రకు, రాగికి అయితే ఎత్తుడు ఖర్చు సున్నా. ఆ నీళ్లను ఎత్తింది సూర్యుడే కదా!

2004 నుంచి వ్యవసాయానికి ఉచిత కరెంటు ఉంది. అప్పుల్లో ఉన్న రైతుకు అది పెద్ద ఊరట, కాదనలేం. కానీ, కపిల తోలినవాడికి తెలిసిన బానబరువు స్టార్టరు బటన్ నొక్కేవాడి చేతికి తెలియకుండా పోయింది. బరువు పోలేదు. ఎక్కడో బొగ్గు కాల్చే కేంద్రం మోస్తోంది.

పైపులో పరుగెత్తే రైలు

తాగునీటి సంగతి వేరు. లోతుకు పోయినకొద్దీ బోరునీళ్లలో ఫ్లోరైడు పళ్లను, ఎముకలను తినేసింది. అప్పుడు నీళ్లే పల్లెల దగ్గరకు రావాల్సి వచ్చింది. శ్రీసత్యసాయి సెంట్రల్ ట్రస్టు 1995-96లో చేపట్టిన తాగునీటి పథకం ఉమ్మడి అనంతపురం జిల్లాలో 731 గ్రామాలకు పైపులు వేసింది. జలాశయాల నుంచి, నదుల ఇసుకలో తవ్విన బావుల నుంచి నీళ్లను ఎత్తైన చోట్లకు పంపు చేయడం, అక్కణ్నుంచి వాలు మీద వాటంతటవే ఊళ్లకు దిగేలా చూడటం... ఎద్దుల బాట సూత్రమే, కాస్త పెద్ద ఎత్తున. 1999లో తపాలాశాఖ ఈ పథకం మీద స్టాంపు కూడా తెచ్చింది.

పొడవాటి పైపులో ఇంకో బలంతో జాగ్రత్తగా ఉండాలి. అడుగు వెడల్పు పైపు కిలోమీటరు పొడవున నిండితే అందులో 70 టన్నులకు పైగా నీళ్లుంటాయి. సెకనుకు మీటరు వేగంతో అవి కదులుతున్నాయంటే రెండు లోడులారీలను మించిన బరువు గొట్టంలో నడుస్తున్నట్టే. వాల్వును ఒక్కసారి బిగించేస్తే ఆ బరువంతా వెళ్లి తలుపుకు గుద్దుకుంటుంది. బస్సు సడెన్‌బ్రేకు వేసినప్పుడు మనం ముందుకు తూలినట్టే. ఒత్తిడి ఒక్క క్షణంలో పది కిలోలు పెరిగి జాయింట్లు చిట్లుతాయి. దీన్నే ఇంజనీర్లు వాటర్‌హ్యామర్... నీటిసుత్తి అంటారు. వాల్వు చక్రాన్ని పైపుల కాపలాదారు తాపీగా తిప్పేది బద్ధకంతో కాదు. ఇంట్లో కొళాయి టక్కున కట్టేస్తే గోడలో పైపు 'ఠంగ్'మనేదీ ఈ సుత్తి చప్పుడే.

885 నుంచి 1,560కి

ఇక అన్నిటికన్నా పెద్ద బిందె... హంద్రీనీవా. శ్రీశైలం జలాశయం నిండుగా ఉన్నప్పుడు నీటిమట్టం 885 అడుగులు. పుట్టపర్తి 1,560. మధ్యన 675 అడుగుల ఎత్తు. మల్యాల దగ్గర మొదలుపెట్టి కృష్ణా వరదనీటిని ఒక్కో మెట్టు పంపులతో ఎక్కిస్తూ, మెట్టుకూ మెట్టుకూ మధ్య కాలవలో కిలోమీటరుకు కొన్ని అంగుళాలు మాత్రమే దిగేలా నడిపిస్తూ తెచ్చారు. 2012లో నీళ్లు జీడిపల్లి జలాశయం చేరాయి. 2016లో పెనుకొండ పక్కన గొల్లపల్లి దాకా వచ్చాయి. నాలుగు ఉమ్మడి జిల్లాల్లో ఆరు లక్షల ఎకరాలకు 40 టీఎంసీలు అన్నది పథకం లక్ష్యం.

వాట్‌గారి లెక్కలో పెడితే, 675 అడుగుల ఎత్తుకు ఒక హార్స్‌పవర్ నిమిషానికి ఎత్తగలిగేది 22 లీటర్లు. బిందెన్నర! ఒక్క టీఎంసీని ఈ ఎత్తుకు చేర్చడానికి ఏ వృథా లేకుండానే కోటిన్నర యూనిట్లకు పైగా కావాలి. పంపుల్లో, కాలవల్లో పోయేది కలిపితే రెండు కోట్లు దాటుతుంది. కరవు నేలకు నీళ్లు వద్దని ఎవరంటారు? వచ్చిన రోజున జనం కాలవకు పసుపు కుంకుమలు వేసి దండం పెట్టారు, పెట్టాలి కూడా. అయితే, అంత ఎత్తెక్కి వచ్చిన నీటిని మళ్లీ మడినిండా నిలబెట్టి వరికి పోయడం చూస్తే మాత్రం... కపిల తోలిన తాతలు ఏమనేవారో!

దిగేటప్పుడు దాని బలం చూడాలి

ఎత్తడానికి ఎంత బలం కావాలో, దిగేటప్పుడు నీళ్లు అంత బలాన్నీ తిరిగి చూపిస్తాయి. 2021 నవంబరు 19న చిత్రావతి పొంగింది. ఇసుక తప్ప ఎరగని ఏటిలో వెల్దుర్తి దగ్గర జేసీబీతో సహా చిక్కుకుపోయిన పదిమందిని వైమానికదళం హెలికాప్టరు వచ్చి కాపాడాల్సి వచ్చింది.

వేగం రెట్టింపైతే నీటి తోపుడు నాలుగింతలవుతుంది. మనిషి వడిగా నడిచే వేగంతో పారే నీటిలో తొడలోతున నిలబడితే కాళ్ల మీద ముప్ఫై కిలోలకు పైగా తోపుడు ఉంటుంది. వేగం రెట్టింపైతే నూటయిరవై దాటుతుంది. అదే సమయంలో నీళ్లు ఒంటిని కొంత పైకి తేలుస్తాయి. అంటే పాదానికి, నేలకూ మధ్య పట్టు తగ్గుతుంది. తోసే బలం పెరిగి, పట్టే బలం తగ్గితే ఇంకేముంది? కారు సంగతి ఇంకా కనికష్టం. తొమ్మిదొందల కిలోల చిన్నకారు అడుగుభాగం మీద జానెడు కన్నా తక్కువ నీరు ఎక్కినా తేలిపోగలదు. రోడ్డు నుంచి కొలిస్తే అడుగు, అడుగుపైన ఒకటి రెండు అంగుళాలు. తేలిన కారుకు బ్రేకూ లేదు, స్టీరింగూ లేదు. కాజ్‌వే మీద నీళ్లు పారుతుంటే 'ఏముందిలే, మోకాలి కిందికే కదా' అని బండి దించేవాళ్లు లెక్క తప్పేది ఇక్కడే.

వాలు మీద వానకూ ఇదే రూలు, ఇంకా ఘోరంగా. పారే నీరు దొర్లించగల రాయి బరువు వేగాన్ని బట్టి ఆరో ఘాతంలో పెరుగుతుంది. వేగం రెట్టింపైతే అరవై నాలుగు రెట్ల బరువున్న రాయి కదులుతుంది! ఎర్రమట్టి వాలులో మంచి వాన ఒక్కటి గంటసేపు కొడితే, పైమన్నంతా వంకలోకి పోయి రాళ్లు తేలేది అందుకే. దీన్ని తిరగేసి చదివితే అంతే మేలు. వేగాన్ని సగానికి తగ్గిస్తే దాని లాగుడు అరవై నాలుగో వంతుకు పడిపోతుంది. ఇంత చిన్న పనికి అంత పెద్ద ఫలితం ఇచ్చే సూత్రం భౌతికశాస్త్రంలో అరుదే. పొలం వాలుకు అడ్డంగా, మోకాలెత్తున, సిమెంటు లేకుండా పేర్చిన రాతికట్టు చేసేది ఇదే. అది నీటిని ఆపదు. సందుల్లోంచి పోనిస్తుంది, కాకపోతే నడిపించి పోనిస్తుంది. నాలుగు వానలయ్యాక కట్ట వెనక్కి వెళ్లి చూస్తే మెత్తటి ఒండ్రు పేరుకుని ఉంటుంది. ఆ ఒండ్రులో రైతులు ముందుగా వేసేది కందిసాలు. దాని వేరు లోతుకు దిగుతుంది. నీళ్లు ఆ వెంటే ఇంకుతాయి... కిందికి, ఎవరూ మోయక్కర్లేకుండా.